మూడో పిలుపు

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అంటారు. కూర్చుంటే కాలు ఊపుతాను. నిలబడితే జడ కొస నోట్లో పెట్టుకుంటాను. అలాంటి దాన్ని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా మంచె మీద కూర్చోబెట్టి, ఒక చేతికి ఫోను, ఇంకో చేతికి తాడు ఇచ్చి, శ్రద్ధగా చదువుకోమన్నారు. శ్రద్ధ అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

కరోనా వచ్చి యూనివర్సిటీ మూసేసిన ఏడాది అది. ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను. హాస్టల్ ఖాళీ చేయమంటే పెట్టె సర్దుకుని కొండెక్కి ఇంటికొచ్చేశాను. మా ఊరు జి.మాడుగుల దాటి బస్సు దిగాక ఇంకా లోపలికి నడవాలి. కొన్నాళ్ళు హాయిగానే ఉంది. తర్వాత ఆన్‌లైన్ క్లాసులన్నారు, అక్కడ మొదలైంది నా తిరుగుడు. ఊళ్ళో ఎక్కడా సిగ్నల్ రాదు. బడి అరుగు మీద రాలేదు, చింతచెట్టు ఎక్కితే రాలేదు, కాఫీ తోటలో అసలే రాలేదు. ఫోను నెత్తిన పెట్టుకుని దేవుణ్ణి ఊరేగించినట్టు ఊరంతా తిప్పాను. చివరికి కొండవాలులో మా సామ చేను పై అంచున, మంచె మీద దొరికింది. నిచ్చెన మీద ఉండగా రాదు. పైకెక్కి కూర్చుంటే వస్తుంది. ఎందుకలాగో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. వచ్చింది, చాలు.

మా నాన్నకు ఆ మాట చెప్పగానే మొహం వెలిగిపోయింది. నా చదువు నిలబడిందని కాదు.

"ఎలాగూ అక్కడే కూకుంతావు కదే, సిలకల్ని కూడా తోలీ" అన్నాడు.

అలా ఒక్క కూర్చోవడంలో రెండు కాపలాలు వచ్చి పడ్డాయి. సామ వెన్ను తీసి గింజ పాలు పోసుకునే రోజులవి. మంచు విడిచి ఎండ పొడ తగలగానే చిలకలు గుంపుగా దిగుతాయి. తినేదానికంటే కొరికి పడేసేది ఎక్కువ. చేనుకు అడ్డంగా తాడు కట్టి, దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీసి ఉంటాయి. మంచె మీద నుంచి తాడు గుంజితే అవి గలగలమంటాయి. అప్పటికీ లేవకపోతే గొంతెత్తి అరవాలి. ఇటు ఫోనులో ఎవరో కిరణజన్య సంయోగక్రియ గురించి చెబుతుంటారు. అటు ఆ సంయోగక్రియతో తయారైన గింజను చిలకలు తినేస్తుంటాయి. ఒక చెవిలోనే ఇయర్‌ఫోను పెట్టుకునేదాన్ని, రెండో చెవి చేనుకి వదిలేసేదాన్ని. మధ్యలో కళ్ళు ఊరుకుంటాయా? సిగ్నల్ గీతలు ఎన్ని ఉన్నాయో చూస్తాయి, బ్యాటరీ చూస్తాయి, తెర మీద నా మొహం చూసుకుని జుట్టు సర్దుకోమంటాయి. పట్నంలో క్లాసు రూములో నా మనసు కిటికీలోంచి బయటికి పోయేది. ఇక్కడ అదీ కుదరదు. ఎక్కడికి పోవాలనుకున్నా అక్కడే ఉన్నానాయె.

ఒకసారి మైకు ఆపడం మరిచిపోయి, చిలకల మీద "హోయ్! ఫో, ఫో!" అని పెద్ద కేక పెట్టాను. పాఠం చెబుతున్న మేడమ్ నిజంగానే ఆగిపోయారు. పాపం, కాసేపటి తర్వాత "నేను కంటిన్యూ చేయనా అమ్మా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది. ఆమె మంచిది కాబట్టి అది నవ్వుతోనే పోయింది.

ఎకాలజీ సార్ దగ్గర అలా పోలేదు.

ఆయన మేమంతా హాస్టల్ ఖాళీ చేశాక ఉద్యోగంలో చేరారు. మాలో ఎవరూ ఆయన్ని చూడలేదు. మమ్మల్ని కెమెరాలు పెట్టుకోమనేవారు, తన కెమెరా మాత్రం పెట్టేవారు కాదు. తెర మీద ఒక బూడిద రంగు సున్నా, అందులో ఒక అక్షరం, దాని వెనక ఒక గొంతు. అంతే ఆయన. హాజరు క్లాసు మొదట్లో తీసుకోరు, చివర్లోనూ తీసుకోరు. పాఠం మధ్యలో, మనం ఏమరుపాటున ఉంటామనుకున్నప్పుడు ఠక్కున మొదలుపెడతారు. "ఒక్కసారే పిలుస్తాను. పలకనివాళ్ళు లేనట్టే" అని మొదటి రోజే చెప్పేశారు.

ఆ మొదటి రోజే నా పేరు వచ్చింది. ఇంటిపేరుతో సహా, సర్టిఫికెట్టులో ఉన్నట్టు, ఇంటిపేరును కాస్త వంకరగా పలుకుతూ పిలిచారు. నేను విన్నాను. నిద్రపోవడం లేదు, చిలకల్ని తోలడం లేదు, శుభ్రంగా విన్నాను. కానీ నోరు పెగల్లేదు. నేను గాలి తీసుకునేలోగా ఆయన తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు.

"సార్, ప్రెజెంట్ సార్!" అని అరిచాను.

"అయిపోయిందమ్మా. మీ మనసు ఎక్కడో ఉంది. ఇళ్ళకు వెళ్ళగానే చదువు అటకెక్కించేశారు మీరంతా" అని, మనసు నిలపడం గురించి కొంచెంసేపు చెప్పారు. ఆ ఉపన్యాసం మాత్రం ఒక్క ముక్క పోకుండా విన్నాను. కోపంలో మనసు ఎంత బాగా నిలుస్తుందో అప్పుడే తెలిసింది.

తర్వాతి క్లాసులోనూ అదే జరిగింది. ఆ తర్వాతా అదే. ముందే నాలుక సిద్ధం చేసుకుని కూర్చున్నా, పేరు వినపడగానే గొంతులో ఏదో తలుపు పడిపోయేది. మిగతా క్లాసుల్లో ఈ బాధ లేదు. వాళ్ళ మొహాలు కనిపిస్తాయి, వాళ్ళు పిలిస్తే పలుకుతాను. ఈయన ఒక్కడి దగ్గరే ఎందుకిలా అని ఆలోచించి ఆలోచించి, ఒకరోజు మంచె కింద నుంచి వచ్చే చుట్ట వాసన ముక్కుకు తగలగానే కారణం తట్టింది. మంచె కింద మా మామ్మ ఉంది.

మామ్మంటే నాన్న తల్లి. మోకాళ్ళు పట్టేసి నిచ్చెన ఎక్కలేదు గానీ, చేను నా ఒక్కదాని చేతిలో పెట్టడానికి ఆమెకు నమ్మకం చాలలేదు. రోజూ నాతో వచ్చి, మంచె కింద రాయి మీద కూర్చుని, చుట్ట కాలే కొస నోటి లోపలికి పెట్టి అడ్డపొగ పీల్చుకుంటూ ఉండేది. నన్ను పెంచింది ఆమే. నాకు మాటలు నేర్పిందీ ఆమే, ఎప్పుడు మాట్లాడకూడదో నేర్పిందీ ఆమే.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. అడివి వైపు నుంచి గానీ, చేనులో ఉన్నప్పుడు గానీ, మనిషి కనపడకుండా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు. రెండో పిలుపుకూ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. అడివిలో దిక్కు లేకుండా పోయినవి కొన్ని తిరుగుతుంటాయట. తెలిసినవాళ్ళ గొంతుతో పిలుస్తాయట. పలికితే వెంటబెట్టుకుని పోతాయట. కానీ వాటికి మూడుసార్లు పిలిచే ఓపిక ఉండదు. "మనిసైతే మళ్ళీ పిలుత్తాడు. మనతో పనున్నోడు పిలవక ఏటి సేత్తాడు?" అనేది మామ్మ. చిన్నప్పుడు నా స్నేహితురాళ్ళు వాకిట్లో నిలబడి నన్ను మూడేసిసార్లు పిలిచేవారు. మూడోదాకా లోపల చెప్పులు వేసుకుని సిద్ధంగా నిలబడేదాన్ని.

నేను దయ్యాల్ని నమ్మను. ఎమ్మెస్సీ చదివేదాన్ని, నమ్మితే బాగుండదు కూడా. కానీ నమ్మకం వేరు, గొంతు వేరు. వెనక అడివి, ముందు చేను, చెవిలో మొహం లేని గొంతు. అది నా పేరు ఒక్కసారి పిలిచి ఊరుకుంటుంది. ఇంకెలా పలుకుతాను?

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. ఎకాలజీలో నాది తగ్గిపోయిందని, ఇంక మిగిలిన క్లాసుల్లో ఒక్కటి పోయినా హాల్ టికెట్టు రాదని డిపార్టుమెంటు నుంచి మెసేజ్ వచ్చింది. హాల్ టికెట్టు రాకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే నాన్న నన్ను మళ్ళీ కొండ దిగనివ్వడు. తిట్టడు, కొట్టడు. "సదివినావు కదే, సాలు" అని నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వంటే నాకు భయం. ఆ నవ్వు తర్వాత కాఫీ పళ్ళు కోసుకుంటూ, చిలకల్ని తోలుకుంటూ ఇక్కడే ఉండిపోవాలి. చేనంటే నాకు అయిష్టం లేదు. ఉండిపోవడమంటేనే నాకు ఊపిరాడదు.

మెసేజ్ చదివి నిచ్చెన దిగి మామ్మ మీద విరుచుకుపడ్డాను.

"నీ పిలుపుల గోలతో నా కొంప మునిగింది మామ్మా! సారు ఒక్కసారే పిలుస్తాడు. నేను పలకలేకపోతున్నాను. నా పరీక్ష పోతది!"

మామ్మ నోట్లోంచి చుట్ట తీసి, బూడిద దులిపి, నింపాదిగా అడిగింది. "ఆయన మొగం ఏదీ, సూపించు."

ఫోటో తీసి పెట్టుకున్న తెర చూపించాను. బూడిద రంగు సున్నా, అందులో అక్షరం. మామ్మ ఫోను దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"మొగం నేదు. ఒక్కసారి పిలిసి ఊరుకుంతాడు. అలాటోడికి నువ్వు పలకలేదంటే నా పెంపకం మంచిదే. నువ్వు సేసింది తప్పు కాదే గుంటా."

"తప్పు కాకపోతే పరీక్ష ఎవడు రాయనిస్తాడు?"

"ఆయన దగ్గుతాడేటి?"

"దగ్గుతాడు. జలుబు కూడా ఉంటది. మనిషి కాకపోతే జలుబెందుకు చేస్తది?"

"అయ్యి కూడా దగ్గుతాయి" అంది మామ్మ. ఆ మాటకు నేను తల పట్టుకున్నాను.

మర్నాడు ఆమే ఉపాయం చెప్పింది. చెవిలో పెట్టుకున్నది తీసెయ్యమంది. గొంతు బయటికి వినపడితే కింద నుంచి తను వింటుంది. సారు ఒక్కసారి పిలుస్తాడు కదా, మిగిలిన రెండూ తను పిలుస్తుంది. "ఎవులు పిలిసినా పిలుపులు మూడైతే సాలు. అప్పుడు పలుకు" అంది. ఇంత తేలికైన సంగతికి ఇంత ఏడుపెందుకన్నట్టు చూసింది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా ఇయర్‌ఫోను తీసేశాను.

క్లాసు సగంలో ఉండగా హాజరు మొదలైంది. నా పేరుకు ముందు పేరు వినపడగానే మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టడం మంచె వెదుళ్ళ సందులోంచి కనపడింది. సారు నా పేరు పిలిచారు. మంచె కింద నుంచి మామ్మ, కొండకు అవతల ఉన్నదాన్ని పిలిచినట్టు, నా పేరు గట్టిగా రెండుసార్లు కేకేసింది. చిలకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. నా గొంతులో తలుపు తెరుచుకుంది.

"ప్రెజెంట్ సార్!"

"ఎవరది?" అన్నారు సారు.

"మా మామ్మ, సార్."

"ఆవిడెందుకు పిలుస్తున్నారు?"

సర్దిచెప్పి తప్పించుకుందామనే అనుకున్నాను. కానీ చాలా రోజుల మంట లోపల ఉంది. మొత్తం చెప్పేశాను. మంచె, అడివి, మొహం లేని గొంతు, మూడు పిలుపులు, పోయిన హాజరు, అన్నీ. "మీ మొహం మేము ఒక్కసారైనా చూళ్ళేదు సార్. మా మనసు మాత్రం ఎప్పుడూ మీకు కనపడాలి" అని కూడా అనేశాను.

క్లాసు చాట్‌బాక్సులో సీతంపేట వైపు అబ్బాయి రాశాడు: మా ఊళ్ళో కూడా ఇంతే సార్. వెంటనే కొయ్యూరు అమ్మాయి రాసింది: మా నాయనమ్మ కూడా అంతే, నేనూ అందుకే రెండుసార్లు హాజరు పోగొట్టుకున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల నోరు విప్పనందుకు కోపమూ వచ్చింది.

"ఎమ్మెస్సీలో కూడా ఇవేనా?" అన్నారు సారు చివరికి. ఒకసారి దగ్గి, "సరే, ప్రెజెంట్" అని తర్వాతి పేరుకు వెళ్ళిపోయారు. కెమెరా మాత్రం పెట్టలేదు.

ఆ రోజు నుంచి ఎకాలజీ క్లాసంటే మా మామ్మ క్లాసైపోయింది. పొద్దున్నే నాకంటే ముందు తయారై, "బేగి రాయే, సారు పిలిసే ఏలైంది" అని తొందరపెట్టేది. పాఠంలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా వినేది. సారు నా పేరు పిలిచి ఆగేవారు. మామ్మ రెండుసార్లు పిలిచేది. నేను పలికేదాన్ని. ఆయన ఏమీ అనేవారు కాదు, కానీ ఆగడం మాత్రం మానలేదు. మిగతా పేర్ల దగ్గర అలా ఆగేవారు కాదు. కొయ్యూరు అమ్మాయి కూడా మా మామ్మ కేక వినీ వినీ ధైర్యం తెచ్చుకుందట, మొదటి పిలుపుకే పలకడం మొదలుపెట్టింది. నాకే రాలేదు. ఎవరూ లేనప్పుడు ఫోను ముందు పెట్టుకుని నా పేరు నేనే పిలుచుకుని పలికి చూశాను. అలా బాగానే వచ్చేది. క్లాసులో ఆ గొంతు వినపడగానే మళ్ళీ మామూలే. రోజు రోజుకూ భయం పెరిగింది. మామ్మకు జ్వరమొస్తే? గాలివాన వస్తే? సారు పిలిచిన క్షణంలోనే కోతులు పడి మామ్మ అటు పరిగెడితే? పాఠం వింటూ వింటూ వెదుళ్ళ సందులోంచి మామ్మ ఉందో లేదో చూసుకునేదాన్ని. చూడాల్సినవాటిలో అదొకటి చేరింది.

సామ పండింది. కోతకు రేపో ఎల్లుండో అన్నట్టుంది. ఎకాలజీ ఆఖరి క్లాసు కూడా అప్పుడే వచ్చింది. "ఈ రోజుతో హాజరు ఆఫీసుకు పంపేస్తున్నాను" అన్నారు సారు. నా కాలు ఊగడం మొదలుపెట్టింది, దానితో పాటు మంచె ఊగింది. కింద నుంచి మామ్మ "కుదురుగా కూకోయే" అంది. ఉందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను.

హాజరు మొదలైంది. ఒక్కో పేరూ వస్తోంది. నా ముందు పేరు వచ్చింది. నా పేరు పిలిచారు.

కింద నుంచి కేక రాలేదు.

వంగి చూశాను. మామ్మ అక్కడే ఉంది. రాయి మీద కూర్చుని తల పైకెత్తి నన్నే చూస్తోంది. చుట్ట ఇంకా నోట్లోనే ఉంది. కళ్ళతో అడిగాను, చెయ్యి ఊపాను. ఆమె కదల్లేదు. నేను నోరు తెరిచాను. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. చిలకల గుంపు చేను మధ్యలో దిగడం చూశాను, తాడు నా చేతిలోనే ఉంది, గుంజలేదు. బ్యాటరీ చూడలేదు, గీతలు చూడలేదు. ఆ బూడిద రంగు సున్నా ఒక్కదాన్నే చూశాను. నా జన్మలో దేని మీదా అంత శ్రద్ధ పెట్టలేదు. ఇప్పుడు తర్వాతి పేరు వస్తుంది, నా పని అయిపోతుంది అనుకున్నాను.

తర్వాతి పేరు రాలేదు.

ఫోనులో దగ్గు వినపడింది. నా పేరు వినపడింది. రెండోసారి.

ఆయన ఎవర్నీ రెండోసారి పిలవగా మేము వినలేదు. క్లాసులో ఎవరో మైకు తెరిచి మళ్ళీ మూసిన చప్పుడైంది. కాసేపాగి ఆయన మూడోసారి పిలిచారు. ఈసారి మెల్లగా, ఇంటిపేరు వంకర లేకుండా, మా ఊళ్ళో పిలిచినట్టే పిలిచారు.

"ఉన్నాను సార్" అన్నాను. ప్రెజెంట్ అనడం మరిచిపోయాను.

"సరే" అన్నారు. తర్వాతి పేరు పిలిచారు.

క్లాసు అయ్యేదాకా ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. అవగానే నిచ్చెన సగం దిగి సగం దూకి మామ్మ ముందు నిలబడ్డాను.

"ఎందుకు పిలవలేదు? నిద్రపోయావా? చెవులు పనిచెయ్యలేదా?"

"ఇన్నాను" అంది.

"విని కూడా పిలవలేదా! నా ఏడాది పోయేది మామ్మా! నా చదువు పోయేది! ఏమనుకుని ఊరుకున్నావు?"

"పిలుత్తాడో నేదో సూద్దారని ఊరుకున్నాను."

నా ఏడాదంతా పణం పెట్టి ఈ ముసలిది ఆయన్ని పరీక్ష చేసింది. చేనులో చిలకలు తీరిగ్గా తింటున్నాయి, ఇద్దరం వాటిని తోలలేదు. మామ్మ నోట్లోంచి చుట్ట తీసి, ఆరిపోయిందేమోనని కొస చూసుకుని, నా చెయ్యి ఆసరా పట్టుకుని లేచింది.

"మనిసే" అంది. "ఇంక ఒక్కసారి పిలిసినా పలుకు."